మత్స్యరాజు చాపిన చెయ్యి

“ఎవడు గెలిచినా బండి ఇద్దరిదీ. సెరో వారం తోలుకుందాం.” ఈ మాట అన్నదెవరో తెలుసా నీకు? నేనే. ఎనభై ఆరు ఫిబ్రవరిలో, మన నర్సీపట్నం జీపుల స్టాండులో, మత్స్యరాజు భుజం మీద సెయ్యేసి మరీ అన్నాను. కూకో బాబూ సూర్యప్రకాషూ, ఆ కుర్సీ కాదు, దానికి ఒక కాలు ఊగతాది, ఇటు మంచం మీద కూకో. పందెం కమిటీకి పంపుదామని నువ్వు రాసి ఇచ్చిన కాయితం పొద్దున్న సదివాను. నేనొకసారి సదివాను, మీ మామ్మ నూకరత్నం సేత పైకి ఒకసారి సదివించుకున్నాను. బాగా రాశావు. యూనియన్‌లో మా రోజుల్లో కూడా ఇంత బాగా రాసినోడు లేడు. “తొలి ఘాటీ విజేత గణేశ్వరరావుగారికి నలభయ్యేళ్ళుగా జరుగుతున్న అన్యాయం” అని పైన పెట్టావు. కింద “చరిత్ర మిమ్మల్ని క్షమించదు” అని పెట్టావు. మద్దెన ఎక్కడో “పెట్టుబడి చక్రాల కింద నలిగిన శ్రమజీవి” అన్నావు. ఆ ముక్క దగ్గర మీ మామ్మ ఆగి నాకేసి సూసింది. “ఎవరండీ ఈ నలిగినోరు, మీరేనా, పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిన్నారు” అంది. నవ్వకు. అది ఎప్పుడూ అంతే.

నీ కోపం నాకు అర్థమైంది. ఈ నెల ఇరవై రెండున మళ్ళీ జీపుల పందెం పెడతన్నారు, నలభయ్యేళ్ళయిందని. డౌనూరు దాటాక ఘాటీ మొదట్లో, కొండరోడ్డు ఎక్కేకాడ, ఆర్చీ కట్టారు. దాని మీద సిమెంటోడి పేరు ఇంతెత్తు, టైర్లోడి పేరు ఇంతెత్తు, నా పేరు మటుకు సీమంత అక్షరాల్లో పెడతారంట. అది పైకి ఎక్కించాలి, పెద్దచ్చరాలతో రాయించాలి, నాకు సన్మానం సెయ్యాలి అని నీ డిమాండు. మంచిదే. ఇప్పుడు నేను సెప్పింది విని ఆ కాయితం సింపీయాలి నువ్వు. సింపీ, మళ్ళీ రాయాలి. అక్కడ నా పేరు సిన్నగా కూడా ఉండకూడదు. మత్స్యరాజు పేరుండాలి.

ఎవరా మత్స్యరాజు అంటావు. సూశావా, స్టాండు యూనియన్‌కి కార్యదర్శివి నువ్వు, నీకే తెలీదు. మీ ఆఫీసు గోడ మీద ఎంతమంది ఫొటోలున్నాయో, ఎక్కడెక్కడి దేశాలోళ్ళవో, ఆడిది లేదు. ఆడు లంబసింగి అవతల కొండూరు మనిషి. మన స్టాండులో స్టీరింగు పట్టిన మొదటి ఏజెన్సీ మనిషి ఆడే. నల్లగా, పొట్టిగా, మెడ లేనట్టుండేవాడు. సీటు మీద రెండు గోనె సంచులు మడతెట్టుకుని కూకునేవాడు, లేపోతే రోడ్డు కనపడదు. మన కొండ కిందోళ్ళు ఏటి అనేవారంటే, “ఆడు బండి తోలడంలేదురా, బండే ఆడిని మోసుకెళ్తంది” అనేవారు. ఆడు బండి తుడుచుకుంటా ఉండేవాడు. మాట తక్కువ. నేను ఎస్. రాయవరం దగ్గర సెరుకు బళ్ళు తోలినోణ్ణి, ఘాటీ అంటే ఏటో తెలీదు. నాకు ఘాటీ నేర్పింది ఆడే. ఆరు నెలలు పక్కన కూకోపెట్టుకున్నాడు. ఎప్పుడూ తిట్టలేదు. తప్పు సేస్తే నా మోకాలి మీద ఏలుతో తట్టేవాడు, అంతే. బ్రేకు మీద కాలు ఎక్కువసేపు ఉంటే ఒకసారి తట్టేవాడు, గేరు తప్పు పడితే రెండు సార్లు. ఇప్పటికీ మీ మామ్మ నా మోకాలు నొక్కితే... సర్లే.

ఘాటీలో ఆడు నేర్పింది ముఖ్యం ఒకటుంది, అది నీకు సెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఎక్కే బండికి దారివ్వాలి. దిగేవోడు అంచుకి లాగి ఆగిపోవాలి. ఎందుకంటావా? అప్పటి జీపులు ఇప్పటి బళ్ళు కాదు. పదిమంది ఎక్కాల్సిన దాంట్లో పద్దెనిమిది మంది, పైన పనసకాయలు, పిప్పళ్ళ మూటలు, ఎనక ఇద్దరు ఏలాడతా. ఎక్కతా ఎక్కతా ఆగిందంటే మళ్ళీ కదలదు, ఎనక్కి జారతాది. ఎవడో ఒకడు దిగి సక్రం కింద రాయి ఎట్టాలి. అందుకని దిగేవోడు ఆగాలి. ఆగి, ఎనకొచ్చేవోడికి తెలియాలి కదా, కిటికీలోంచి సెయ్యి బయటికి చాపి, అరిచెయ్యి కిందకి పెట్టి ఉంచాలి. ఆ సెయ్యి కనపడితే ఎనకున్నది ఎవడైనా సరే, దొరగారి కారైనా సరే, ఆగాలి. సెయ్యి లోపలికి తీసుకునేదాకా కదలకూడదు. సెయ్యి సూసి ఆగనోడికి స్టాండులో నెల్లాళ్ళు సీరియల్ తీసేసేవారు. అంటే బండి కట్టెయ్యడమే, వంతు రాదు. ఈ రూలు ఎక్కడా రాసుకోలేదు. అన్నం సేత్తో తినాలని ఎవడైనా రాసుకుంటాడేటి.

సరే, పందెం. రాజుబాబుగారని, ఇప్పుడు కమిటీ అధ్యక్షుడు రమణబాబు ఉన్నాడే, ఆళ్ళ నాన్న. స్పేరు పార్టుల కొట్టు ఉండేది ఆయనకి. మనిషి మంచోడే, కాకపోతే కొంచెం సరదా ఎక్కువ. ఎక్కడో విదేశాల్లో మామూలుగా రోడ్డు మీద తిరిగే కార్లతోనే పందాలు పెడతారంట, ఏ హంగూ కలపకుండా, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు. పేపర్లో సదివాడు. మనకి కార్లెక్కడివి, జీపులున్నాయి కదా అన్నాడు. స్టాండు మీద బండి ఎలాగుందో అలాగే రావాలి. కొత్త టైరు ఎయ్యకూడదు, కొత్త బ్రేకు ఎయ్యకూడదు. ప్రతి బండిలో పదిమంది బరువుకి సరిపడా ఇసక బస్తాలు. ఘాటీ మొదట్లో సున్నంతో గీత. అక్కడ బయలెల్లి, లంబసింగిలో మణికట్టు మీద వంగపండు రంగు ముద్ర ఏయించుకుని, మళ్ళీ గీత దగ్గరికి రావాలి. మొదటొచ్చినోడికి కొత్త జీపు. పూర్తిగా కొత్తది, సీట్ల మీద కాయితం కూడా తియ్యనిది. గీత పక్కన తాటాకు పందిరేసి దాన్ని అక్కడ నిలబెట్టారు. ఎవరూ ముట్టుకోకుండా ఒక హోంగార్డు. కప్పు ఏటనుకున్నావు? ఏటికొప్పాకలో సేయించారు, లక్క జీపు బొమ్మ, ఇంత పొడుగు, ఎర్రది. పాయకరావుపేట నుంచి కూడా లారీలు కట్టుకుని వచ్చారు జనం. అటు ఏజెన్సీ జనం కొండ మీద సెట్లెక్కి కూకున్నారు. జీడిమామిళ్ళు పూత మీదుండీవి. ఒక కొమ్మ ఇరిగి నలుగురు కింద పడ్డారు, నవ్వలేక సచ్చాం. 

మొత్తం పన్నెండు బళ్ళు. మాలో ఎవడికీ సొంత బండి లేదు, అందరం ఓనర్ల దగ్గర పనిసేసీవాళ్ళమే. మత్స్యరాజు తోలేది స్టాండులోకెల్లా ముసలి బండి. బ్రేకు మూడుసార్లు కొట్టాలి, నాలుగోసారికి పట్టాది. ఓనరుకి సెప్పీ సెప్పీ ఇసిగిపోయాడు. “గణేసూ, నాకు గెలుపు అక్కర్లేదురా, బ్రేకున్న బండి కావాలి” అన్నాడు, ముందు రోజు, టీ తాగతా. అప్పుడే నేను ఆ మాటిచ్చాను. ఎవడు గెలిచినా బండి ఇద్దరిదీ అని. ఆడు నా మొకం సూశాడు, టీ గళాసు కింద పెట్టి, “మా కామమ్మకి సెప్పనా మరి?” అన్నాడు. పెళ్ళానికి సెప్పనా అని అడుగుతున్నాడు. అంటే నమ్మీశాడన్నమాట. సెప్పుకో అన్నాను.

ఎక్కడం ఆడు ఎలా ఎక్కాడో ఆ రోజు, మా పన్నెండు మందిలో సూసినోళ్ళు ఎవరూ మిగల్లేదు, నేనొకణ్ణే. అంత ముసలి బండిని, ఇంజను గొంతు ఇని, దానికెంత ఊపిరుందో అంతే అడిగేవాడు. మా బళ్ళన్నీ అరుస్తా ఎక్కాయి, ఆడిది పాడుకుంటా ఎక్కింది. లంబసింగిలో ముద్ర ఏయించుకునేటప్పటికి ఆడు మొదట, నేను రెండు. మొగం కడుక్కుంటే ఏళ్ళు కొంకర్లు పోయే సలి అక్కడ. నాకు సెమట్లు పడతన్నాయి. దిగడం మొదలెట్టాం. ముందు ఆడు, ఆడి ఎనకాలే నేను. దిగుతుంటే ఎక్కుతున్నోళ్ళు ఒక్కొక్కరు ఎదురొచ్చారు, మొదట్లో రోడ్డు ఎడల్పు గనక ఇబ్బంది లేదు. నాలుగో వంపు దగ్గర ఇరుకు, అక్కడ జనం కూడా లేరు. అక్కడికి వచ్చేసరికి కింద నుంచి మూలుగు వినపడింది. జోగులు బండి. అందరికన్నా ఆఖర ఎక్కుతున్నాడు, ఆడు గెలిచేదీ లేదు సచ్చేదీ లేదు. మత్స్యరాజు ఏటి సేశాడో తెలుసా? అంచుకి లాగి ఆపీశాడు. పందెంలో. మొదట ఉన్నవాడు, ఆఖరోడి కోసం. ఆపి, కిటికీలోంచి సెయ్యి చాపాడు, అరిచెయ్యి కిందకి.

నేను సూశాను. సూడలేదని నలభయ్యేళ్ళలో నాకు నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు. మణికట్టు మీద వంగపండు ముద్ర కూడా కనపడింది. కొండ వైపు ఒక బండి పట్టేంత సందుంది. పందెం కదా అనుకున్నాను. ఆడు కూడా పందెంలోనే ఉన్నాడు కదా మరి, ఆడికి తట్టలేదు, నాకు తట్టింది. గేరు మార్చి ఆడి పక్కనించి దూరిపోయాను. నా బండి కమ్మీ ఆడి సేతికి తగలబోతే అప్పుడు లోపలికి తీసుకున్నాడు. వంపు కింద జోగులుకి ఎదురెళ్ళాను. ఆడు బెదిరిపోయి పక్కకి లాగి ఆపీశాడు. ఎక్కే బండిని ఆపించాను నేను. అద్దంలో సూశాను, జోగులు బండి ఎనక్కి జారతంది. మత్స్యరాజు తన బండి ఒదిలేసి, రెండు సేతుల్తో రాయి పట్టుకుని పరిగెడతన్నాడు. అంతే, వంపు తిరిగాను, ఇంక అద్దంలో కొండే ఉంది.

గెలిచాను. భుజాల మీద ఎత్తుకున్నారు. లక్క జీపు సేతిలో పెట్టారు, నిజం జీపు తాళాలు మెళ్ళో దండతో కలిపి ఏశారు. ఆ సందడిలో ఇంకో ముగ్గురు దిగి వచ్చాక, అయిదోవాడిగా వచ్చాడు మత్స్యరాజు. సేతులు రెండూ మట్టి. అందరూ మూగారు, ఏటైంది గురువా, నువ్వే కదా ముందున్నావు అని. ఒక్క మాట సెప్పాడంటే కప్పు పోతాది, సీరియల్ పోతాది, మొకం పోతాది. ఆడు తల తుడుచుకుంటా “రేడియేటరు మరిగిపోనాదిరా, నీళ్ళు పోసుకున్నాను” అన్నాడు. నాకేసి సూడలేదు. జోగులుకి కూడా అదే సెప్పమన్నాడంట. జోగులు కరోనాలో పోయాడు, పోయేదాకా అదే సెప్పాడు. అందుకనే సూర్యం, ఇప్పుడు సాచ్చికం కావాలంటే నేనొక్కణ్ణే ఉన్నాను. నేనుండగానే రాయాలి.

ఏయ్, ఆ ఫోను లోపలెట్టు. రికార్డు సేస్తన్నావా? సెయ్యి, సేస్తే సెయ్యి, మంచిదే.

బండి మాట. మొదటి వారం నేను తోలాను, సీట్ల మీద కాయితం ఇంకా తియ్యలేదు. రెండో వారం ఆడొచ్చాడు, ఉతికిన సొక్కా ఏసుకుని. వారం మారింది కదా. నేను “గురువా, ఈ వారం పెళ్ళి బేరం ఒప్పుకున్నాను, పై వారం తీసుకో” అన్నాను. అబద్దం కాదు, బేరం ఉంది. సరే అన్నాడు. పై వారం వచ్చాడు. మా అన్న అడ్డం తగిలాడు, “మన బండి ఆడికివ్వడమేటి, ఇస్తే మళ్ళీ వచ్చాదేటి, కొండెక్కిపోతాది” అన్నాడు, ఆడికి వినపడేలాగ. నేను మా అన్నని ఏమీ అనలేదు. మత్స్యరాజు బండి సుట్టూ ఒకసారి తిరిగాడు, టైరు మీద సెయ్యేసి సూశాడు, “గాలి కొంచెం ఎక్కువుంది, తగ్గించు” అనీసి ఎల్లిపోయాడు. మూడోసారి అడగలేదు. మూడేళ్ళు పక్కపక్కనే బళ్ళు పెట్టుకున్నాం, టీలు తాగాం, ఆడు అడగలేదు, నేను ఎత్తలేదు. అడిగుంటే ఇచ్చేసీవాణ్ణి అనుకుంటాను అప్పుడప్పుడు. ఏమో.

ఎనభై తొమ్మిది ఆగస్టులో, వానలో, ఆ ముసలి బండికి బ్రేకు నాలుగోసారి కూడా పట్టలేదు. బండిని కొండకేసి గుద్దీశాడు. ఎక్కినోళ్ళకి సేతులూ కాళ్ళూ ఇరిగాయి. పోయింది ఆడొక్కడే. నేను ఆ రోజు తునిలో ఉన్నాను, కొత్త బండికి అరటి పిలకలు కట్టి, పెళ్ళికొడుకు ఎనక సీట్లో. కబురొచ్చేసరికి పప్పన్నం తింటన్నాను.

ఒక మాట సెప్తాను, ఇది మీ మామ్మకి కూడా తెలీదు. దినాలు అయ్యాక పాత క్యాలెండర్లు మూడూ, గోడ మీదున్నదీ తీశాను. మొదటి వారం నాది, రెండోది ఆడిది, అలా ఏళ్ళ మీద లెక్కెట్టుకుంటా వచ్చాను, మాట నిలబెట్టుకునుంటే ఆ ఆగస్టు వారం ఎవరిదని. నాది వచ్చింది. రెండుసార్లు లెక్కెట్టాను, రెండుసార్లూ నాదే. అంటే నేను మాట తప్పకపోయినా ఆ రోజు ఆడు ముసలి బండిలోనే ఉండును. బాబూ, అది సూసి నాకు సంతోషం ఏసింది. క్యాలెండర్ మూసేసి కడుపునిండా అన్నం తిన్నాను. ఆ తిన్న అన్నం ఉంది సూడు, అదే నాకు ఇప్పటిదాకా అరగలేదు. సెయ్యి సూసి ఆగకపోడం కన్నా, బండి ఇవ్వకపోడం కన్నా, అది. నువ్వు పెట్టుబడి చక్రాలు అని రాశావు, సరే, ఆడి ఓనరు పెట్టుబడిదారుడే, బ్రేకు బాగుసేయించలేదు, తిట్టు, నేనొద్దనను. కాని మద్దెన నేనున్నాను. నన్ను ఒదిలేసి రాస్తే అది మంచి కాయితమే గాని నిజం కాయితం కాదు.

కామమ్మ వదిన ఉంది ఇంకా. ఏటా పసుపు తెస్తాది నాకు, కొత్త పంట ఒలిచి, ఉడకేసి, ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి, ఆ మోకాళ్ళతో బస్సు దిగి నడుసుకుంటా వస్తాది. మొన్న నెలాఖరుకి కూడా వచ్చింది. ఆర్చీ సూసిందంట దారిలో. “గణేసూ, నీ పేరు రాస్తారంట కదా, ఆయనుంటే ఎంత సంబరపడును” అంది. బండి సంగతి ఆవిడకి తెలుసు, మాటిచ్చినట్టు తెలుసు, ఆడే సెప్పుకున్నాడు కదా. అయినా ఒక్కనాడు ఎత్తలేదు. సెయ్యి సంగతి మటుకు తెలీదు. ఆడు ఇంట్లో కూడా రేడియేటరనే సెప్పాడు. ఆవిడ నన్ను గెలిచినోణ్ణి అనుకుంటంది.

రమణబాబు దగ్గరికి నేను రెండు దఫాలు ఎళ్ళాను. మొదటిసారి కూల్‌డ్రింకు ఇచ్చాడు. “తాతగారూ, మీరు శానా గొప్పోరు, స్నేహితుడి కోసం పేరొదులుకుంటన్నారు” అన్నాడు. కాదు నాయనా, అది నాది కాదు అంటే ఇనిపించుకోడు. రెండోసారి “రికార్డులో ఉన్నది మార్చలేమండీ, మా నాన్నగారు ప్రకటించిన ఫలితం” అన్నాడు. ఆ సదువుకున్న పిల్లాడు నాకు దణ్ణం కూడా పెట్టాడు. దణ్ణం పెట్టి కాదనడం నేర్చుకున్నారు. అందుకే కాయితం కావాలంటన్నాను. ఎదురుగా మాటాడితే నన్ను పెద్దమనిషిని సేసేస్తన్నారు, కాయితం మీదయితే సెయ్యలేరు.

ఇంద, పెన్ను ఉందా? రాయి. కమిటీ అధ్యక్షులు రమణబాబుగారికి. గణేశ్వరరావు అనే నేను రాయించేది. ఎనభై ఆరు పందెంలో నాలుగో వంపు దగ్గర మత్స్యరాజు ఎక్కే బండికి దారిచ్చి సెయ్యి చాపి ఆగాడు. నేను ఆ సెయ్యి సూసి ఆగలేదు. అందుచేత గెలిచినవాడు ఆయన. ఆయన అని రాయి, ఆడు అనకు. బండి విషయంలో కూడా మాట తప్పాను. అదెందుకంటావా? ఎందుకో ఒకందుకు, రాయి. “తప్పవలసి వచ్చింది” కాదు, తప్పాను. ఆర్చీ మీద మత్స్యరాజు పేరు రాయాలి, నా పేరు తీసెయ్యాలి. తీసేస్తాం, తీసెయ్యం, ఏదో ఒకటి రాతపూర్వకంగా సెప్పాలి. సెప్పకపోతే ఇరవై రెండున జెండా ఊపడానికి నన్నే పిలిచారు, మైకు నా సేతికే ఇస్తారు, అది మటుకు రాయకు, నీకూ నాకూ తెలిస్తే సాలు. పిడికిలెత్తి వందనాలు అవీ ఉన్నాయే నీవి, అవి కింద నీ సంతకం దగ్గర పెట్టుకో, నా దగ్గరొద్దు.

వదినకి కూడా కాయితం పంపుతానంటావా? వద్దు. కాయితం సదివి ఆవిడకి ఇంకెవరో సెప్పడమేటి. బుధవారం నేను లంబసింగి బస్సెక్కుతాను. నువ్వు రానక్కర్లేదు. ఏటంటాదో ఏమో. ఏమీ అనదు, నాకు తెలుసు. వచ్చే ఏడు పసుపు తేదు, అంతే.

జవాబు ఎప్పటిలోగా అని పెట్టాలంటావా? శుక్రవారం పెయింటరు నిచ్చెనెక్కుతాడంట, దానికి ముందే జవాబు కావాలి. గడువు లేకుండా రాస్తే సొరుగులో పెట్టీస్తారు. రాయి. ఫిబ్రవరి పన్నెండో తారీకు, రెండు వేల ఇరవై ఆరు, గురువారం, సాయంత్రం అయిదు గంటల లోపల. అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాయి.